గీతలు ఫుల్లు, నెట్టు నిల్లు

మా రోజుల్లో ఫోను చచ్చిందంటే చచ్చినట్టే. రిసీవరెత్తి చెవికి పెట్టుకుంటే గుర్రుమని డయల్ టోన్ వినపడితే ఉన్నట్టు, వినపడకపోతే లేనట్టు. నడిమధ్య రకం ఉండేది కాదు. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా నడిమధ్య రకమే. సెల్లు నెత్తిన వైఫై గీతలు నిండుగా ఉంటాయి, లోపల ‘కనెక్టెడ్’ అని రాసుంటాది, వాట్సాప్‌లో పంపిన శుభోదయం మాత్రం పక్కన గడియారం బొమ్మేసుకుని పొద్దస్తమానం ఆడనే కూర్చోనుంటాది. తాళి కట్టినాడంట, కాపురానికి మాత్రం తీసకపోలేదంట. అట్లుంది యవ్వారం.

నేను టెలిఫోన్స్ డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి, ఫోన్ మెకానిక్ అయ్యి, 2000 అక్టోబరు 1న డిపార్టుమెంటు కాస్తా బీఎస్ఎన్ఎల్ అయినాక కూడా అదే నిచ్చెన మోసి రిటైరైన మనిషిని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడూళ్ళ ఎక్స్ఛేంజీల కిందా స్తంభాలెక్కినా. 08564, 08560, 08568. ఈ మూడు కోడ్లు నిద్దట్లో లేపి అడిగినా చెప్తా. మా మనవడికి చెప్తే ‘ఏంది తాతా, ఓటీపీలా?’ అన్నాడు.

చుట్టాల్లో ఎవరింట్లో నెట్టు పోయినా ముందు నాకే కబురు. ‘మామా, నువ్వు టెలిఫోన్లలో చేసినోనివి గదా, ఒకసారొచ్చి చూసిపో’ అంటారు. ఆ డబ్బాలు మా కాలంలో లేవురా అన్నా వినరు. పోతా. పోయి చూస్తే డబ్బా కొత్తది గానీ రోగం పాతదే. రోగం యాడుందో ఎతికే పద్ధతి ఒకటుంటాదని మాత్రం ఎవరికీ గుర్తులేదు.

డయల్ టోన్ సంగతి కొంచెం చెప్పాల. ఆ కూత మీ ఇంట్లో ఫోను డబ్బాలో పుట్టేది కాదు. ఎక్స్ఛేంజీలో పుట్టేది. ఆడినుంచి ఎండీఎఫ్ అనే తీగల చట్రానికి వచ్చి, భూమిలో కేబులెంబడి వీధి మొగదాల క్యాబినెట్‌కు, ఆ తర్వాత పిల్లర్‌కు, స్తంభం మీదున్న డీపీ పెట్టెకు, ఆడినుంచి డ్రాప్ వైరెంబడి మీ వసారాలోకి, గోడకు కొట్టిన రోజెట్‌లోకి, అది దాటి మీ చెవిలోకి. అన్ని జాయింట్లలో ఏ ఒక్కటి పాడైనా కూత రాదు. కూత వచ్చిందంటే అన్నీ బాగున్నట్టు అవతలి కొస సాక్ష్యం పలికినట్టు. సాక్ష్యమంటే అట్లుండాల, దూరంగా ఉన్నోడు చెప్పాల.

మరి ఇప్పటి గీతలు ఎవరి సాక్ష్యం? మీ చేతిలో సెల్లుకూ, టీవీ పక్కన మినుకు మినుకుమంటున్న డబ్బాకూ నడుమ పది పదైదడుగుల గాలి ఉంది చూడు, ఆ గాలి బాగుందని మాత్రమే చెప్తాయి. డబ్బా వెనక నుంచి బయటికి పోయే వైరు తెగిందా, వీధి చివర ఏమన్నా కాలిందా, ఆపరేటరు ఆఫీసులో కరెంటుందా, వాటికి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. వైఫైకి మూలమైన 802.11 అనే ప్రమాణం 1997లో వచ్చింది, వైఫై అనే పేరు 1999లో పెట్టినారు. ఆ ప్రమాణం రాసినోళ్ళు రాసుకునిందే ఆ గాలి ముక్క గురించి. వాళ్ళ తప్పేం లేదు. ‘నెట్టు ఉంది’ అని గీతలు ఎప్పుడూ అనలేదు, మనమే అట్ల చదువుకున్నాం.

సెల్లు తనంతట తాను ఆరా తీసే ఏర్పాటు కూడా ఒకటుంది. ఆండ్రాయిడ్ సెల్లయితే వైఫైకి తగులుకోగానే గూగుల్ వాళ్ళ ఒక అడ్రసుకు చిన్న ప్రశ్న పంపుతాది. ఆడినుంచి 204 అనే నంబరు వేసుకున్న ఖాళీ జవాబు వస్తే సరే, రాకపోతే వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పెడతాది. విండోస్ కంప్యూటరయితే మైక్రోసాఫ్ట్ నుంచి ఒక చిన్న అక్షరాల ఫైలు తెచ్చుకుని చూస్తాది. ఇంతవరకు మంచిదే. అయితే ఆశ్చర్యార్థకం అంత చిన్నది పెడితే మా ఈడు కండ్లకు ఆనుతాదా? పైగా ఆ గుర్తు కూడా కచ్చితం కాదు. ఆ ఒక్క అడ్రసు అందకపోతే మిగతా లోకమంతా అందుతున్నా ‘నో ఇంటర్నెట్’ అంటాది. ఒక్కోతూరి నెట్టు పోయినాక కూడా కాసేపు ఏమీ ఎరగనట్టే ఉంటాది.

మేం పని నేర్చుకున్నది ఇట్ల కాదు. 198కి కంప్లయింటు వస్తే రాసుకుని టెస్ట్ డెస్క్ ఆయన ముందు ఎక్స్ఛేంజీలోనే కూర్చుని ఆ జతను మీటరు మీద చూసేవాడు. డిస్సా, లూపా, ఎర్తా, కాంటాక్టా? డిస్ అంటే యాడో తెగింది. లూపంటే రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఎర్తంటే తడి తగిలి నేలకు కారుతోంది. కాంటాక్టంటే పక్కోడి జతతో కలిసింది, ఆ ఇంట్లో మాటలు ఈ ఇంట్లో వినపడతాయి. ఆ ఒక్క మాట తెలిసినాకే సైకిలెక్కేది. పోయి నేరుగా ఇంట్లోకి దూరేవాళ్ళం కాదు. ముందు పిల్లర్ దగ్గర ఆగి టెస్ట్ ఫోను తగిలించి వినేది. అక్కడ టోన్ ఉంటే వెనకంతా బాగున్నట్టు, ఇక ముందుకే చూడాల. తర్వాత డీపీ. ఆడా ఉంటే రోగం డ్రాప్ వైరులోనో ఇంట్లోనో. నడుమకు కోసి సగం పారేయడం, మిగిలిన సగాన్ని మళ్ళీ కోయడం. వానాకాలంలో జాయింటులో నీళ్ళు దిగినప్పుడు ఆ జత చేతిలో ఉండగా ఎవడన్నా రింగు కొడితే డెబ్బై ఎనభై వోల్టులు మోచెయ్యి దాకా జిల్లుమనేది. అది కూడా ఒక రకం సమాచారమే అనుకునేవాళ్ళం. లైనులో ప్రాణముందని.

ఇప్పుడేం చేస్తాండారు? ‘ఆఫ్ చేసి ఆన్ చెయ్’. ఇంతే వైద్యం. ఇంట్లో మామ, కోడలు, బడికిపోయే పిల్లోడు, కస్టమర్ కేర్‌లో మాట్లాడే అమ్మాయి, అందరిదీ ఒకటే మందు. ఒక్కోతూరి నయమవుతాది కూడా. అదే వచ్చిన తంటా. ఎందుకు నయమైందో తెలీకుండా నయమైన రోగం ఎల్లుండి మళ్ళీ వస్తాది.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు మావాళ్ళు. బంగారం, పత్తి వ్యాపారం. ఈ ఊళ్ళో ఫోనుకున్న విలువ మామూలుది కాదు. పొద్దున్నే బొంబాయి రేటు, మద్రాసు రేటు తెలియకుండా షాపు తలుపు తీయడానికే వెనకాడేవాళ్ళు. 180కి ట్రంకు కాల్ బుక్ చేసి ఫోను పక్కనే కూర్చుండేది. ఆర్డినరీ అయితే ఎప్పుడొస్తుందో దేవునికెరుక. అర్జెంటుకు రెట్టింపు చార్జీ. లైట్నింగ్ కాల్‌కు ఎనిమిదింతలు. అది చేసినాడంటే ఆ శెట్టిగారికి ఏదో పెద్ద బేరమో, ఇంట్లో పెద్ద కష్టమో వచ్చిందని ఎక్స్ఛేంజీలో మాకు ముందే అర్థమయ్యేది. బోర్డు మీదున్న ఆపరేటరు ‘గుంతకల్లు దాకా వచ్చింది సార్, ఆ పైన లైను బిజీ’ అనేది. చూసినారా? ‘గుంతకల్లు దాకా’! ఎంతవరకు పోయింది, యాడ ఆగింది, నోటితో చెప్పే మనిషుండేది. ఇప్పుడు అదే బజార్లో కొనుగోలుదారు సెల్లు ముందుకు పెట్టి ‘డబ్బులు పోయినాయి సార్’ అంటాడు, కౌంటరు మీద డబ్బులొచ్చినాయని పలికే మిషను నోరు తెరవదు, షాపులో కుర్రోడు మిషను మీది గీతలు చూపించి ‘మాకు ఫుల్లుగా ఉందే’ అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తాండారు. ఆగింది గుంతకల్లులోనా గాంధీ రోడ్డులోనా చెప్పేవాళ్ళే లేరు.

అట్లని ఆ రోజులన్నీ బంగారమని నేననను. ఫోను కావాలని అర్జీ పెట్టుకుంటే ఏండ్లకేండ్లు వెయిటింగ్ లిస్టు. పెండ్లికి పెట్టిన అర్జీకి పిల్లోడు బడికి పోయేనాటికి ఫోను వచ్చిన ఇండ్లు నాకు తెలుసు. డిపాజిట్టు ఎక్కువ కట్టి ఓవైటీ కింద తెచ్చుకున్నోళ్ళు వేరే కులం మాదిరి ఉండేవాళ్ళు. ఎస్టీడీ బూత్‌లు వచ్చినాక రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని బెంగళూరులో ఉన్న బిడ్డ కోసం ఆడోళ్ళు చలికి కొంగు కప్పుకుని వరసలో నిలబడటం నేను చూసినా. అదంతా తిరిగి రావాలని ఎవడనుకుంటాడు? నా కోపం నెట్టు మీద కాదు. ఉన్నట్టు నటించే ఆ గీతల మీద, వాటిని నమ్మి డబ్బాను కొట్టే మనుషుల మీద.

పాత ఫోనుకు ఇంట్లో కరెంటుతో పనే లేదు. ఎక్స్ఛేంజీలో గది నిండా సీసం బ్యాటరీలు, వాటి 48 వోల్టులు తీగెంబడే ఇంటికొచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు చూడండి, పులివెందులలో మా కూతురింట్లో జరిగే తంతు. కరెంటు పోతాది. ఇన్వర్టరుంది కాబట్టి ఫ్యాను తిరుగుతానే ఉంటాది, వైఫై డబ్బా వెలుగుతానే ఉంటాది, సెల్లులో గీతలు నిండుగా. నెట్టు మాత్రం ఉండదు. ఎందుకంటే వీధి చివర ఆపరేటరు పెట్టుకున్న పెట్టెకు బ్యాటరీ లేదు, ఉన్నా ఎప్పుడో చచ్చింది. పక్కింటోళ్ళకు ఇన్వర్టరు లేదు. వాళ్ళకు కరెంటు పోయిందని తెలుసు, కాబట్టి వాకిట్లో మంచమేసుకుని హాయిగా విసనకర్ర ఊపుకుంటుంటారు. మా అల్లుడు మాత్రం చెమటలు కక్కుకుంటా డబ్బా వెనక సూదితో రీసెట్ బొక్క పొడుస్తుంటాడు. ఆ బొక్క నొక్కి పట్టుకుంటే ఉన్న సెట్టింగులన్నీ ఊడ్చుకుపోతాయి. కరెంటొచ్చినాక అందరికీ నెట్టు వచ్చె, వాళ్ళింటికి తప్ప. దానికి మళ్ళీ ఆపరేటరు మనిషి రావాల, యూజర్ నేము, పాస్‌వర్డు కొట్టాల. ఇన్వర్టరు లేనోడే సుఖపడినాడు.

ఇట్లాంటప్పుడు ముందు చూడాల్సింది డబ్బా మొహం. ఫైబర్ వచ్చిన ఇండ్లలో డబ్బా మీద పాన్ అని ఒక దీపం, లాస్ అని ఒక దీపం ఉంటాయి. పాన్ దీపం కదలకుండా పచ్చగా ఉంటే వీధిలోంచి వెలుతురు వస్తోంది, అవతలి మిషనుతో మాట కలిసింది. లాస్ ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుతురే రావడంలేదు. అప్పుడు సెల్లును ఎంత తిప్పినా, వైఫై మరిచిపొమ్మని మళ్ళీ పాస్‌వర్డు కొట్టినా ఉపయోగం లేదు. బయట పని. మా భాషలో చెప్పాలంటే డీపీ దగ్గరే టోన్ లేదు.

ఆ దీపాలు బాగుండి కూడా నెట్టు లేదనుకో, అప్పుడు ఇంట్లో రెండో సెల్లు చూడాల. అందరికీ లేదా, ఒక్కరికే లేదా? ఈ ఒక్క ప్రశ్న వేసేవాణ్ని ఇంతవరకు నేను చూడలేదు. ఒక్క సెల్లుకే అయితే డబ్బా జోలికి పోగూడదు. ఆ సెల్లుది దాని సొంత కథ. మా చిన్నమనవడు యూట్యూబులో ఎవడో చెప్పినాడని యాడ్లు రాకుండా ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అనే చోట ఏదో పేరు కొట్టిపెట్టినాడు. ఆ పేరుగల సర్వరు అందినన్నాళ్ళు బాగానే జరిగింది. ఒకరోజు అది అందలేదు. గీతలు ఫుల్లు, నెట్టు నిల్లు. ఇంట్లో మిగతా అందరికీ సినిమాలు ఆడుతుండాయి. వాడు నాతో వాదించినాడు, ‘నా ఫోను కొత్తది తాతా, డబ్బాలోనే లోపం’ అని. ఆ గడిలో ‘ఆఫ్’ పెట్టించినాక నోరు మూసుకున్నాడు.

డీఎన్ఎస్ అనేది మాకు కొత్త వింత కాదు. పేరు చెప్తే నంబరు చెప్పే ఏర్పాటు. మా కాలంలో 197. ఫలానా మిల్లు నంబరెంత అంటే డైరెక్టరీ చూసి చెప్పేవాళ్ళు. 197 పలకకపోతే ఊళ్ళో ఫోన్లన్నీ చచ్చిపోయినట్టా? కాదు గదా. నంబరు తెలిసినోడు నేరుగా తిప్పుకునేవాడు. ఇదీ అంతే. ల్యాప్‌టాప్‌లో 8.8.8.8 అని నంబరుతో పింగ్ కొట్టి చూస్తే జవాబు వస్తాంటే, పేర్లతో మాత్రం ఏ పేజీ తెరుచుకోకపోతే, దారి బాగుంది, డైరెక్టరీ ఆయనే కునుకు తీస్తాండాడు. 8.8.8.8 గూగుల్ 2009లో జనానికి ఊరికే ఇచ్చిన డైరెక్టరీ. అట్లే 1.1.1.1 అని ఇంకొకటి 2018లో వచ్చింది. డబ్బాలో ఆ నంబరు రాస్తే చాలాచోట్ల ఆ పూటకు గండం గడుస్తాది.

ఇంతకన్నా ముందు ఇంకో మెట్టుంది. డబ్బాకు తగులుకున్న ప్రతి సెల్లుకూ డబ్బా ఒక లోపలి నంబరు ఇయ్యాల, 192.168.1.5 మాదిరిగా. ల్యాప్‌టాప్‌లో ఆ నంబరు చూస్తే 169.254తో మొదలయ్యిందనుకోండి, దానర్థం ఎవరూ నంబరు ఇయ్యలేదు, అడిగి అడిగి విసిగి అదే సొంతంగా ఒకటి తగిలించుకుందని. అట్లాంటి నంబరుతో వీధి దాటి పోలేదు. ఇంట్లో డబ్బా దాకా కూడా పోలేదు.

జమ్మలమడుగులో మా తోడల్లుడిది పాతకాలం మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, దంతెలు, పైన మట్టి, నడింట్లో వెలుతురు కోసం మిద్దెకు గవాచి. ఎండాకాలంలో లోపల పడుకుంటే ఏసీలు ఎందుకూ పనికిరావు. వైఫైకి మాత్రం అది గండికోట. పడసాలలో డబ్బా పెడితే వెనకింట్లోకి గీత రాదు. 5 గిగాహెర్ట్జ్ తరంగమయితే మొదటి గోడకే తల కొట్టుకుని పడిపోతాది, 2.4ది కొంచెం ఓపికున్నది, రెండో గోడ దాకా ఈడ్చుకుంటూ వస్తాది. మిద్దె మీద మాత్రం గవాచి పక్కన నిలబడితే సిగ్నలు దండిగా! అందుకని వాళ్ళ పిల్లోడు ఆన్‌లైన్ పరీక్ష మిద్దె మీద గొడుగేసుకుని రాసినాడు.

దానికి విరుగుడుగా ఇంకో డబ్బా కొని వెనకింట్లో పెట్టినారు. పాత డబ్బా నుంచి వైరు లాగి దీనికి తగిలించినారు, అమ్మినోడు చెప్పినట్టు అన్ని దీపాలూ వెలిగినాయి. రెండు రోజులు బాగుంది. ఆ తర్వాత మొదలైంది జాతర. అత్తకు నెట్టు వస్తాది, కోడలికి రాదు. మధ్యాన్నం కోడలికి వస్తాది, అత్తకు రాదు. ఇంట్లో రెండు డబ్బాలూ ‘నంబర్లు ఇచ్చేది నేనే’ అని కూర్చున్నాయి. రెండూ ఒకే కంపెనీవి, రెంటి అడ్రసూ 192.168.1.1. సెల్లు నంబరడిగినప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్ళదే నంబరు, వాళ్ళు చూపిందే బయటికి పోయే దారి. కొత్త డబ్బా చూపించే దారిలో గోడే ఉంది, వీధి లేదు. సెల్లేమో కనెక్టెడ్. గీతలు నిండుగా. ఇట్లాంటి రోగం ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతాదా? ఆన్ చేసిన ప్రతిసారీ పందెం మళ్ళీ మొదలవుతాది, ఎవడు గెలుస్తాడో ఆ పూటకు తెలుస్తాది. నేను పోయి రెండో దాని సెట్టింగుల్లోకి దూరి నంబర్లిచ్చే డీహెచ్‌సీపీ ఆపి, దాని అడ్రసు 192.168.1.2గా మార్చినా. అంతే. నంబర్లిచ్చే పెత్తనం ఒకరికే ఉండాల. అత్తాకోడళ్ళ సంగతి మాత్రం డీహెచ్‌సీపీ ఆపితే తీరేది కాదు, అది వాళ్ళకే వదిలేసి మజ్జిగ తాగి వచ్చినా.

వైరు లాగకుండా గోడకు గుచ్చే ఎక్స్‌టెండర్లని కొన్ని వస్తాండాయి. అవి ఇంకా మాయదారివి. సెల్లు దానికి తగులుకుంటాది, అది పక్కనే ఉంది కాబట్టి గీతలు నిండుగా. అది మాత్రం అసలు డబ్బాతో తెగతెంపులు చేసుకుని ఉంటాది.

నిద్రపోయి లేచిన సెల్లు సంగతి ఒకటుంది, ఇది తెలిసినోళ్ళు తక్కువ. వైఫైలో ఒక్కో సెల్లుకూ డబ్బాకూ నడుమ సొంత తాళంచెవి ఒకటి, అందరికీ కలిపి వినిపించే మాటలకు ఉమ్మడి తాళంచెవి ఒకటి ఉంటాయి. చాలా డబ్బాలు ఆ ఉమ్మడి తాళంచెవిని గంటకోసారి మారుస్తుంటాయి. బ్యాటరీ మిగల్చాలని కునుకు తీస్తున్న సెల్లు ఆ కొత్త చెవి సరిగ్గా అందుకోలేదనుకో, తగులుకునే ఉంటాది, డబ్బా ‘ఫలానా నంబరు వాడు యాడున్నాడ్రా’ అని అందరినీ కేకేసి అడిగితే దీనికి ఆ కేక అర్థంకాదు, పలకదు. పలకనోడికి డబ్బా ఏం పంపుతాది? మధ్యాన్నం కునుకు తీసి లేచినాక మన సెల్లొక్కదానికే నెట్టు లేకపోయిందంటే ఇదొక కారణం కావచ్చు. అప్పుడు సెల్లులో వైఫై మూసి తెరిస్తే చాలు. ఇంటిల్లిపాదికీ నెట్టు ఆపి డబ్బాను కొట్టే పనిలేదు. అసలు ఆ ‘ఆఫ్ ఆన్’ మందు కూడా ఎవరికి ఎయ్యాలో తెలిసి ఎయ్యాల.

మా వియ్యంకుడి ఇంట్లో ఇంకో ముచ్చట. నాలుగు రోజుల్నుంచి నెట్టు లేదని, ఎండలకనీ, కోతులు వైరు కొరికినాయనీ, ఎదురింటోళ్ళు కొత్తగా పెట్టిన డబ్బా మాదాన్ని నొక్కేస్తాందనీ రకరకాల కారణాలు చెప్పినాడు. పోయి 192.168.1.1 తెరిచినా, డబ్బా బాగా పలికింది. పాన్ దీపం పచ్చగానే ఉంది. లోపల చూస్తే అవతలివాళ్ళు లోపలికి రానీయడం లేదు. నెల రీచార్జి అయిపోయింది. హైదరాబాదులో ఉన్న కొడుకు కట్టాల, మరిచిపోయినాడు. పాతకాలంలో బిల్లు కట్టకపోతే ముందు అవుట్‌గోయింగ్ ఆపేవాళ్ళు, వచ్చే కాల్స్ వచ్చేవి. పరువుగా ఉండేది. ఇప్పుడు డబ్బు కట్టనోడి ఇంట్లో కూడా గీతలు నాలుగుకు నాలుగు.

ఇక అసలు వైరు సంగతి. 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మొదలుపెట్టినప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను మూడూ అన్నారు. నేల తవ్వే పని పెట్టుకోకుండా కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగినారు. ప్రైవేటు ఆపరేటర్లదీ చాలాచోట్ల అదే దారి. తెలివైన పనే, తవ్వుకుంటా కూర్చుంటే ఇంకో ఇరవై ఏండ్లు పట్టేది. కాకపోతే స్తంభాల మీద ఆ నల్లవైర్ల గుత్తులు చూస్తే స్తంభాలెక్కిన నాకు కడుపు తరుక్కుపోతాది. వేలాడే చుట్టలు, యాపకొమ్మకు కట్టిన ముడులు. వరిగడ్డి ట్రాక్టరు పైకెత్తి కట్టుకుని వస్తే తీసకపోయేంత కిందికి. రాగితీగను వంచినా, నలిపినా, పండ్లతో కొరికి పైపొర ఊడదీసినా మాట అవతలికి పోయేది. గాజుపోగు అట్ల కాదు. మరీ మడతేస్తే లోపలి వెలుతురు ఆ మలుపులోంచే బయటికి కారిపోతాది. పోగు తెగదు, పైకి చక్కగానే ఉంటాది, అవతలికి మాత్రం చాలినంత వెలుతురు చేరదు.

మా ఇంట్లోనే పోయిన నెల అట్లయ్యింది. కాసేపు వస్తాది, కాసేపు పోతాది. లాస్ దీపం ఉండుండి ఎర్రగా కన్నుకొడుతోంది. ఏ కంపెనీదనేది వద్దులెండి. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే మొదట మిషను మాట్లాడింది, తర్వాత అమ్మాయి, ‘సార్, వైఫై కనెక్ట్ అయ్యి ఉందా?’ అనింది. ఉందమ్మా, అదే గదా బాధ అంటే, ‘అయితే మా వైపు ఇష్యూ చూపించట్లేదు సార్, ఒకసారి ఆఫ్ చేసి...’ పెట్టేసినా.

మూడో రోజు ఒక కుర్రోడొచ్చినాడు, ఇరవై రెండు ఇరవై మూడేండ్లుంటాయి, యర్రగుంట్ల వైపు వాడు. వస్తానే డబ్బా జోలికి పోలేదు. నాకు కొంచెం ఆసక్తి కలిగింది. వెనకనుంచి పచ్చటి వైరు కొస పీకి, జేబులోంచి చిన్న మీటరు తీసి గుచ్చినాడు. మైనస్ ఇరవై తొమ్మిది చూపించింది. ‘ఎంతుండాలబ్బీ?’ అన్నా. ‘ఇరవై ఐదులోపల ఉంటే బాగుంటాది సార్, ఇరవై ఏడు దాటితే తెగుతా అతుకుతా ఉంటాది’ అన్నాడు. ‘స్తంభం కాడ ఎంతుందో చూసినావా?’ అన్నా. ‘చూసే వచ్చినా సార్, ఆడ ఇరవై ఒకటి. మీ ఇంట్లోనే పోతాంది’ అన్నాడు. వీడు డీపీ చూసి వచ్చిన మనిషి! నాకు మా పాత ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చినాడు, ఆయన బతికుంటే వీణ్ని సర్కిల్లో వేసుకునేవాడు.

ఆ తర్వాత పెన్ను మాదిరి ఒకటి తీసి వైరు కొసకు పెట్టి ఒత్తినాడు. అందులోంచి ఎర్రటి వెలుతురు పోగులోకి పోతాది. లైట్లన్నీ ఆర్పమన్నాడు. గోడెంబడి చూసుకుంటా పోతే బీరువా వెనకాల, గోడకూ బీరువాకూ నడుమ, మిరపగింజంత చోట పచ్చటి వైరు ఎర్రగా మండుతాంది. దీపావళికి సున్నం కొట్టినప్పుడు బీరువా జరిపి, మళ్ళీ తోసినారు, వైరు మూలకు ఒత్తుకుని మడతబడింది. బీరువా ముందుకు లాగి, ఆ మడత విప్పి, బాగా నలిగిన ముక్క కోసిపారేసి, కొస కొత్తగా కట్టినాడు. మళ్ళీ మీటరు, ఇరవై రెండు. అప్పుడు గానీ డబ్బాకు తగిలించలేదు.

మా ఇంటామె మజ్జిగ ఇచ్చింది. మా కాలంలో అయితే డాకెట్టు మీద సబ్‌స్క్రైబరు సంతకం పెడితే అయిపోయె. ఈ కుర్రోడు సెల్లు తీసి, ‘సార్, మీకు ఓటీపీ వస్తాది, అది చెప్తేనే నా కంప్లయింటు క్లోజవుతాది’ అన్నాడు. నడింట్లో నా సెల్లుకు టవర్ రాదు. మిద్దెక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, వచ్చిన నంబరు పైనుంచి కేకేసి చెప్పినా. ‘ఇంకొకటి వస్తాది సార్, స్టార్లడుగుతాది, ఐదివ్వండి సార్, తక్కువిస్తే మాకు ఇన్సెంటివ్ కోస్తారు’ అని కిందినుంచి అరిచినాడు. పని తెలిసిన పిల్లోడు, ఐదు ఒత్తుదామనే వేలు పెట్టినా. కిందికి తొంగిచూస్తే, మిగిలిన వైరును అరచెయ్యంత చుట్ట చుట్టి కిటికీ ఊచకు వేలాడదీస్తాండాడు. ‘ఒరే అబ్బీ, అంత చిన్న చుట్ట చుట్టినావంటే రేపు మళ్ళీ ఈడనే కారుతాది. పెద్దగా చుట్టి గోడకు క్లిప్పులు కొట్టు, అప్పుడిస్తా నీ ఐదు’ అన్నా. ‘క్లిప్పులు కంపెనీ ఇయ్యలేదు సార్’ అన్నాడు. నా పాత సంచిలో ఇంకా ఉన్నాయి, డ్రాప్ వైరువి. దిగొచ్చి తీసిచ్చినా.